వేలికి తగలని రవ్వ

ఫిబ్రవరి 2, సోమవారం

ఒక్క గోడ ఇచ్చారు. ఉత్తరపు గోడ.

నిన్న ఆరాధన అయ్యాక చర్చి కమిటీ కూర్చుంది. సెక్రటరీ ప్రకాశరావు గారు కళ్ళజోడు తుడుచుకుంటూ... "మేస్త్రీ గారూ, మీరు డంగు సున్నం అంటున్నారు. సరే, ఆ గోడ ఒక్కటీ చేసి చూపించండి. ఈస్టరు ముందరి మట్టల ఆదివారానికి బాగుంటే చర్చి మొత్తం మీకే. లేదంటే తాడేపల్లిగూడెం కాంట్రాక్టరు వచ్చి అంతా చెక్కేసి సిమెంటు కొట్టేస్తాడు." పాస్టరు గారు నాకేసి చూసి నవ్వారు. నమ్మకమో జాలో తెలీలేదు.

అంతా చెక్కేయడమంటే ఆల్టరు మీది కమాను కూడా. మా తాత పూసింది. ఇప్పటికీ అందులో కొవ్వొత్తి నీడ కనిపిస్తుంది. సిమెంటు కొట్టిన ఉత్తరపు గోడేమో ఏటా వానలకి చెమ్మ లాగి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. రెండూ ఎదురెదురుగానే ఉన్నాయి కదా, కనిపించట్లేదా వీళ్ళకి? ఒళ్ళు మండింది. అయినా "ఆయ్, అలాగేనండి" అని వచ్చేశాను.

ఒకటి మాత్రం చెప్పలేదు. పూసేది నేను కాదు, మార్త. చచ్చిపోయిన మా అక్క కూతురు. పదిహేనేళ్ళుగా నా దగ్గరే తట్ట మోసింది, సున్నం నూరింది. మా పనిలో ఆడవాళ్ళు నూరతారు, మగాళ్ళు పూస్తారు. ఎవడు పెట్టాడో ఆ పద్ధతి. రెండేళ్ళ కింద దాని చేతికి తాపీ ఇచ్చాను, మా ఇంటి గోడల మీద. నాకంటే బాగా పూస్తుంది. ఈ గోడ నిలిస్తే ఊళ్ళో దాన్ని మేస్త్రి అంటారు. నిలవకపోతే ఈ పని నాతోనే సరి.


ఫిబ్రవరి 3

పొద్దున్నే సుగుణ అరిచింది. "ఏవండీ! చెయ్యి కాలుతుంటే తెలీట్లేదా మీకు?" చూసుకుంటే టీ గ్లాసు పట్టుకున్న బొటనవేలి మీద బొబ్బ. కుడి చెయ్యి.

తెలీలేదు. నిజంగానే తెలీలేదు.


ఫిబ్రవరి 4

ఏలూరు డాక్టరు క్రిస్మసుకి ముందే చెప్పాడు. షుగరు... నరాలు... వేళ్ళ చివర్లు మొద్దుబారతాయి... మళ్ళీ రావడం కష్టమండి. సుగుణకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మార్తకి అసలే చెప్పలేదు.

ఎలా చెప్తాను? సున్నం నలిగిందో లేదో కంటికి తెలీదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వేసి రుద్దితే తెలుస్తుంది. గోడ మెరుగుకి వచ్చిందో లేదో వేలి కణుపు ఆనిస్తే తెలుస్తుంది. నలభై ఏళ్ళు ఈ రెండు వేళ్ళే నాకు అన్నం పెట్టాయి. అవి పోయాయంటే నేనెవర్ని? ముసలి తట్ట మోసేవాడిని.

ఈ రాత కూడా చూడు, కోడి గీకినట్టు. పెన్ను జారిపోతుంది, పడ్డాక గానీ తెలియదు.


ఫిబ్రవరి 5

కరీం గారు ఫోను చేశారు. కొల్లేరు వైపు గుల్ల కాల్చే బట్టీ ఇప్పుడు ఆయనదొక్కటే. సరస్సులో గుల్లలు ఏరించి కాల్చి పంపుతారు, మా తాతలకి వాళ్ళ తాతలు పంపినట్టే.

"మేస్త్రీ గారండీ, మీకు పంపిన సరుకులో అడుగు గుల్ల మాడిందండి. మంట ఎక్కువైపోయింది. మాడింది నీళ్ళలో వేసినా ఓ పట్టాన విరిగి పిండి కాదండి. గోతిలో నలభై రోజులైనా నాననివ్వండి. రెండు సార్లు వడకట్టండి. లేకపోతే గోడెక్కాక విరుగుతుంది, ఉబ్బి పూతని నెట్టేస్తుంది."

"అలాగేనండి కరీం గారూ."

జనవరి పంతొమ్మిదిన గోతిలో పోసి నీళ్ళు పెట్టాం. ఇవాళ్టికి పదిహేడు రోజులు. నలభై అంటే నెలాఖరు. గోడ ఆరాలి కదా. మట్టల ఆదివారం నాడు తడి గోడ చూపిస్తే ప్రకాశరావు గారు నవ్వరూ?

చూద్దాం. కింది పూతల్లో ఇసుక కలుస్తుంది, ఫరవాలేదు. పై పూత దగ్గరే జాగ్రత్త.

మార్తకి ఈ ఫోను సంగతి చెప్పలేదు. చెబితే ఆగమంటుంది.


ఫిబ్రవరి 9, సోమవారం

సిమెంటు చెక్కాం. లోపల ఇటుక నల్లగా, చేత్తో నొక్కితే నీళ్ళు. పదేళ్ళుగా ఊపిరాడక చచ్చింది పాపం. మార్త ముక్కుకి చెంగు కట్టుకుని ఉలి కొడుతుంటే ప్రకాశరావు గారు గుమ్మంలో నిలబడ్డారు.

"చెక్కడం సరే. పూత కూడా ఈ అమ్మాయేనా ఏంటి కొంపదీసి?"

"ఆయ్. మార్తేనండి."

మార్తని ఎగాదిగా చూశారు. తర్వాత... "మీ ఇష్టమండి. గోడ మాట్లాడుతుంది." వెళ్ళిపోయారు.

మార్త ఉలి ఆపలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.


ఫిబ్రవరి 13

మొదటి పూత అయింది. చెక్క బద్దతో కొట్టి కొట్టి దిట్టం చేసింది. భుజాలు పడిపోయుంటాయి. అడిగితే "ఏం లేదు మావయ్యా" అంటుంది.


ఫిబ్రవరి 17

రెండో పూత. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు తనే కలిపింది. నేనైతే బెల్లం ఓ పిడికెడు ఎక్కువేసేవాణ్ణి. "చీమలొస్తాయి మావయ్యా, చర్చిలో ప్రసంగం వినేదెవరు?" అని నవ్వింది. గురువుకే పాఠాలు. నవ్వొచ్చింది నాకూ.


ఫిబ్రవరి 20, శుక్రవారం

రేపు పై పూత. ముప్పై రెండో రోజు.

టిఫిన్ హోటలు వాళ్ళు పారేసిన పాత గ్రైండరుంది కదా, అందులోనే నూరతాం. ఇప్పటికీ వేడెక్కితే మినప్పిండి వాసన. మార్త మధ్యాహ్నం నుంచి నూరి, ఒక్కసారి వడకట్టి, చిటికెడు తీసి వేళ్ళతో రుద్దింది. మొహం ముడుచుకుంది.

"రవ్వ తగులుతోంది మావయ్యా."

నేనూ తీసుకుని రుద్దాను. ఏం తగల్లేదు. రవ్వ కాదు, సున్నం కూడా తగల్లేదు. గాలిని రుద్దినట్టుంది.

"వెన్నలా ఉందే."

"కాదు మావయ్యా... సన్నగా... ఇదిగో చూడండి."

"చూశాను కదా! నీ చేతులన్నీ కాయలు కాసి ఉన్నాయి, అవే తగులుతున్నాయి నీకు. నేను నలభై ఏళ్ళు చేసి..."

ఇంకా ఏదేదో అన్నాను. గట్టిగానే అన్నాను. చర్చిలో ప్రతిధ్వని వచ్చింది. మార్త నా చేతికేసి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. "మీరు చెప్తే సరే" అని సున్నం తట్టలోకి ఎత్తుకుంది.

ఆపొచ్చు. ఇప్పుడైనా వెళ్ళి ఆపొచ్చు. "ఇంకో వారం ఆగుదాం" అంటే చాలు. కానీ ఎందుకని అడుగుతుంది. అడిగితే ఏం చెప్పను?


ఫిబ్రవరి 21

పూసింది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించింది. తాపీ గోడ మీద ఎక్కడా తడబడలేదు.

ఇక మెరుగు. పూత కాస్త బిగిశాక, పూర్తిగా ఆరకముందు, నున్నటి రాయితో రుద్దాలి. తొందరపడితే పూత లేచొస్తుంది, ఆలస్యమైతే మెరుగు రాదు. ఆ వేళ ఎప్పుడో చెప్పేది మేస్త్రి. అంటే నేను. అందరూ నాకేసి చూస్తున్నారు. పాస్టరు గారు కూడా వచ్చారు.

కణుపు ఆనించాను. చల్లగా ఉందో లేదో, అంటుకుంటుందో లేదో... ఏమీ తెలీలేదు. పెద్దమనిషిలా తల పంకించి మార్త మొహం చూశాను. అది కూడా అవతలి కొసన కణుపు ఆనించి చూస్తోంది. దాని పెదవులు బిగుసుకున్నప్పుడు "ఇంకాసేపు" అన్నాను. మూడోసారి ఆనించి ఊపిరి వదిలింది. అప్పుడు "ఊఁ, కానియ్" అన్నాను.

దొంగవేషం. కానీ వేళ సరిగ్గా కుదిరింది. రాయి తగిలిన చోటల్లా గోడ వెలిగింది.


ఫిబ్రవరి 22, ఆదివారం

అబ్బో, ఏం మెచ్చుకున్నారు! ఆడవాళ్ళు చెంగులు సర్దుకుంటూ గోడలో మొహాలు చూసుకున్నారు. ప్రకాశరావు గారు అరచెయ్యి ఆనించి "చల్లగా ఉందండీ" అన్నారు, గోడకి చెప్పినట్టు. మార్త వెనక బల్లలో కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నాకూ ఏడుపొచ్చింది. ఆ సంతోషంలోనే కరీం గారి నలభై రోజుల మాట గుర్తొచ్చింది.


మార్చి 2

ఏం లేదు. బాగుంది గోడ.


మార్చి 4

చూసొచ్చాను. ఏం లేదు. రోజుకి రెండుసార్లు చూస్తున్నానని సుగుణ నవ్వుతోంది.


మార్చి 6, శుక్రవారం

ఉంది.

కిటికీ పక్కన. కందిబద్దంత గుంట. మధ్యలో తెల్లటి చుక్క. గోరుతో గీకితే పొడి రాలింది. మాడిన గుల్ల. గోడెక్కాక విరిగింది... కరీం గారు చెప్పినట్టే.

వేలికి సున్నం అద్దుకుని పూడ్చేసి వచ్చాను.


మార్చి 7

పదకొండు.

పూడుస్తుంటే పక్కనే ఇంకోటి టప్‌మని రాలింది. నా కళ్ళ ముందే.


మార్చి 8, ఆదివారం

రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను.

ప్రసంగం మధ్యలో మళ్ళీ ఓ పెచ్చు రాలింది. వెనక బల్లవాళ్ళకి కూడా వినిపించింది. పాస్టరు గారు ఆగారు. ఆరాధన అయ్యాక అందరూ గోడ దగ్గరికి పోయారు. మశూచికం పోసిన మొహంలా ఉంది. లెక్కపెట్టడం మానేశాను.

ప్రకాశరావు గారు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెత్తగానే అన్నారు. "మేస్త్రీ గారి పనితనం మనకి తెలియనిదా అండీ. ఆయన చేస్తే ఇలా అయ్యేదా? ఆడపిల్ల చేతికి తాపీ ఇస్తే ఇంతే."

అందరూ మార్తకేసి తిరిగారు.

మార్త ఎవరికేసీ చూడలేదు. నాకేసి చూసింది. అంతే, ఒక్క చూపు. "చెప్పండి మావయ్యా" అన్నట్టు.

నేను నోరు మెదపలేదు.

నేల చూశాను. నా చెప్పుల మీద సున్నం మరకలున్నాయి, వాటినే చూశాను. ఎవరో "పోనీలెండి, చిన్నది కదా" అన్నారు. ఈస్టరు వెళ్ళిన సోమవారం నుంచి సిమెంటు పని అని తేల్చేశారు. తల పైకెత్తి చూసేసరికి మార్త లేదు.


మార్చి 9

పిరికి వెధవని.


మార్చి 10

మార్త పనికి రాలేదు. ఫోను ఎత్తట్లేదు. దాని తాపీ మా వసారాలో పెట్టి పోయింది, కడిగి, నూనె రాసి.


మార్చి 11

సుగుణకి తెలిసింది. మార్త ఉండిలో వాళ్ళ మేనత్త ఇంటికి వెళ్ళిపోయిందట. రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనిలో చేరిందట. పొద్దస్తమానం ఐసు నీళ్ళలో చేతులు.

అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నవాణ్ణి ఆగిపోయాను. ఐసులోనా? ఆ చేతులా?

సుగుణ కంచం ముందు కూర్చుని అంది: "మీ వేళ్ళకి జబ్బు చేసింది. దాని వేళ్ళకి మీరు చేస్తున్నారు." పెళ్ళయిన ముప్పై ఐదేళ్ళలో అలా మాట్లాడ్డం ఇదే మొదలు. నేను లేచిపోయాను.


మార్చి 12

లెక్క వేశాను. నలభై రోజులంటే ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఆ రోజు పై పూత పూసినా మట్టల ఆదివారానికి నెలరోజులుంది. హాయిగా ఆరేది. తొందర గోడకి కాదు, నాకు. ఎవరైనా నా చెయ్యి పట్టుకు చూసే లోపల పని అయిపోవాలని నాకు.


మార్చి 14, శనివారం

వెళ్ళాను. తాడేపల్లిగూడెంలో బస్సు మారి ఉండి చేరాను. చెరువులు, చెరువులు... దారంతా చేపల మేత వాసన. షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాను, భోజనాల బెల్లు దాకా.

వచ్చింది. కాళ్ళకి రబ్బరు బూట్లు. తలకి ప్లాస్టిక్ టోపీ. వేళ్ళు నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"ఎప్పుడొచ్చారు మావయ్యా? తిన్నారా?"

ముందు ఆ మాటే అడిగింది. చచ్చిపోయాననిపించింది.

మాటలు పేర్చుకుని వెళ్ళాను, ఒక్కటీ రాలేదు. నా చెయ్యి చాపాను. "మార్తా, నాకు... ఈ వేళ్ళు..."

"తెలుసు."

"ఏంటి తెలుసు?"

"ఆ రోజు మీరు సున్నం రుద్దుతుంటే మీ చూపుడువేలి గోరు చీలి ఉంది. నెత్తురొస్తోంది మావయ్యా. సున్నంలో ఎర్రగా కలుస్తోంది. మీరు చూసుకోలేదు. పచ్చిపుండు మీద సున్నం పడితే ప్రాణం పోతుంది ఎవరికైనా. మీరు వెన్నలా ఉందన్నారు."

"మరి చెప్పలేదేమే? నాతో అనలేదు, ఆదివారం అందరి ముందైనా అనలేదు..."

"మీరు చెప్తారని."

పక్కన ఆడవాళ్ళు క్యారియర్లు విప్పుకుంటున్నారు. కోపం లేదు దాని గొంతులో, అదే భరించలేకపోయాను.

ఇంటికి రమ్మన్నాను. తల అడ్డంగా ఊపింది. "రాను. వచ్చి ఏం చెయ్యను? తట్ట మొయ్యనా? ఆదివారం చెప్పండి మావయ్యా. నన్ను ఎక్కడ అన్నారో అక్కడే. అప్పుడు చూద్దాం."

బెల్లు కొట్టారు. లోపలికి వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో నా చెయ్యి నేనే గిల్లుకుంటూ కూర్చున్నాను.


మార్చి 15, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పుకునే వేళ లేచి నిలబడ్డాను. గొంతు సవరించుకున్నాను. అందరూ చూస్తున్నారు.

"నా ఆరోగ్యం కోసం ప్రార్థన చెయ్యండి" అని కూర్చున్నాను.

ఛీ.


మార్చి 16

సుగుణ మాట్లాడట్లేదు. కంచం పెడుతుంది, తీస్తుంది.


మార్చి 18, బుధవారం

కాంట్రాక్టరు మనిషి టేపు పట్టుకొచ్చి చర్చి కొలిచాడు. కమాను కింద నిలబడి మా తాత పూసినదాని మీద పెన్సిలుతో గీత గీశాడు. "ఇది కూడా కొట్టేస్తే పట్టు బాగా వస్తుందండి" అన్నాడు ప్రకాశరావు గారితో.

నేను గుమ్మంలోనే ఉన్నాను. "కానివ్వండి" అన్నట్టు తలూపాను. ఎందుకు ఊపానో దేవుడికే తెలియాలి.

గీత చెరిపేద్దామని అతను వెళ్ళాక నిచ్చెనెక్కాను. ఉమ్మి తడి చేసి వేలితో రుద్దాను. పోలేదు. నా వేలు గోడకి తగులుతోందో లేదో కూడా తెలీలేదు. అక్కడే, నిచ్చెన మీదే, ఏడ్చాను.


మార్చి 22, ఆదివారం

చెప్పాను.

ఎలా లేచానో తెలీదు. సాక్ష్యాలు అయిపోయాయి, పాస్టరు గారు పాట నంబరు చెబుతున్నారు. నేను నడిచి ఉత్తరపు గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఈ గోడ పాడు చేసింది మార్త కాదండి. నేనండి."

గుసగుసలు. ప్రకాశరావు గారు "కూర్చోండి మేస్త్రీ గారూ, తర్వాత..." అన్నారు. కూర్చుంటే ఇక లేవనని నాకు తెలుసు.

"సున్నం నాననివ్వమని సరుకిచ్చినాయన చెప్పారు. నేను ఆగలేదు. రవ్వ తగులుతోందని మార్త చెప్పింది. నేను దాన్ని తిట్టాను. నాకు తగల్లేదండి. రవ్వే కాదు, ఏదీ తగలట్లేదండి. నా వేళ్ళు చచ్చిపోయాయి. ఆ మాట దాచుకోవడానికి మేనకోడల్ని మీ అందరి నోళ్ళల్లో పెట్టాను. పూతలో తప్పు లేదు, తాపీలో తప్పు లేదు. అది పూసినట్టు నేనెప్పుడూ పూయలేదండి."

ముందు బల్లవాళ్ళు వెనక్కి తిరిగి గోడ చూశారు.

ప్రకాశరావు గారే అడిగారు చివరికి. నెమ్మదిగా. "అయితే ఇకమీదట మీరు పని ఎలా చేస్తారండీ?"

"చెయ్యనండి. మార్త మేస్త్రి చేస్తుంది. నేను తట్ట అందిస్తాను."

ఎవరో వెనక నవ్వారు. ఎవరో "ష్" అన్నారు. పాస్టరు గారు పుస్తకం మూసి, "రెండు కిటికీల మధ్య మేరకి ఆ అమ్మాయిని మళ్ళీ చెయ్యనివ్వండి" అన్నారు. ప్రకాశరావు గారు కళ్ళజోడు తీసి, పెట్టుకుని... "ఈస్టరు లోపల అయితే అవనివ్వండి. కానీ కాంట్రాక్టరుకి మాటిచ్చేశాం. ఈస్టరు మర్నాడు సోమవారం ఆయనొస్తారు. అప్పుడు చూసి ఆపాలో వద్దో కమిటీ చెబుతుంది." అంతకంటే ఇవ్వలేదు. అడగడానికి నాకు మొహమూ లేదు.

బయటికొస్తుంటే ఎప్పుడూ "మేస్త్రీ గారూ" అని పలకరించే ఇద్దరు ముగ్గురు పక్కకి చూశారు. ఊరికే రాస్తున్నాను. నొప్పి వేళ్ళకి తెలీదు గానీ మిగతా ఒంటికి తెలుస్తుంది.


మార్చి 23

సుగుణ ఫోనులో మార్తకి చెప్పింది. అంతా చెప్పింది. అటు నుంచి ఏమందో నాకు చెప్పట్లేదు. పులుసులో ఉప్పు సరిగ్గా ఉందా అని మాత్రం అడిగింది, వారం రోజుల తర్వాత.


మార్చి 25, బుధవారం

తెల్లారి వసారాలో చూస్తే తాపీ లేదు.

పరిగెత్తాను, ఈ కాళ్ళతోనే. చర్చి వెనక గోతి దగ్గర మార్త కూర్చుని ఉంది. మోచేతుల దాకా సున్నం. నన్ను చూసి లేవలేదు.

"నిన్నటికి అరవై నాలుగు రోజులు మావయ్యా. బాగా విరిగింది. అయినా రెండు సార్లు వడకడతాను. మీ పాత పంచె ఒకటి పట్రండి."

పట్టుకొచ్చాను. రెండు పంచెలు పట్టుకొచ్చాను.


మార్చి 27

కింది పూతలు వేలితో కొట్టి చూసింది. ఎక్కడా డొల్ల మోత లేదు. పై పూత ఒక్కటే గీకేశాం. ఇవాళ పూసేస్తుందనుకున్నాను. చిటికెడు రుద్ది "మళ్ళీ నూరాలి" అంది.

"రోజులెక్కడున్నాయే? ఈస్టరు..."

నాకేసి చూసింది. నోరు మూసుకున్నాను. గ్రైండరు స్విచ్చి వేశాను.


మార్చి 29, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకుని ఊరేగింపుగా లోపలికి వచ్చాం. గీకిన గోడ ముందు నుంచే అందరూ నడిచారు. మార్త పాడుతోంది. గొంతు ఎత్తి పాడుతోంది. ఆవరణలో అప్పటికే కాంట్రాక్టరు ఇసుక దింపి ఉంది, మా మట్టల ఆకులు దాని మీద రాలాయి.


మార్చి 30

మళ్ళీ నూరింది. రుద్దింది. చివరికి నా చెయ్యి పట్టుకుని నా వేళ్ళ మధ్య కూడా పెట్టింది.

"ఏమైనా తగులుతుందా మావయ్యా?"

"లేదమ్మా."

"రవ్వ లేదా, ఏదీ లేదా?"

"ఏదీ లేదు."

"సరే. నాకు వెన్నలా ఉంది" అంది. ఇద్దరం నవ్వాం. అది నవ్వాక కళ్ళు తుడుచుకుంది, నా చేతులకి సున్నం ఉంది కాబట్టి నేను తుడుచుకోలేదు.


ఏప్రిల్ 1, బుధవారం

పొద్దున పూసింది. నేను తట్ట అందించాను. మూడుసార్లు తట్ట జారింది చేతిలోంచి. రెండుసార్లు కాలితో ఆపాను, ఒకసారి పోయింది. మార్త చూసి, "రెండు చేతులా పట్టుకోండి" అంది, అంతే.

పాడైపోయేదైతే రెండు వారాలకి గానీ తెలియదు. పోయినసారీ అంతే కదా. కమిటీ వచ్చేది సోమవారం. ఆ రోజుకి గోడ ఎలాగూ మెరుస్తుంది. మెరిసిన గోడని నమ్మి వాళ్ళు ఆగుతారా, ఒకసారి మోసపోయాం చాలంటారా? మార్తని అడిగాను. "నాకేం తెలుసు మావయ్యా, గోడ సంగతి అడగండి చెప్తాను" అంది.

ప్రకాశరావు గారు వచ్చి చివరి బల్లలో కూర్చున్నారు. బయట ఇంకో ఇసుక లారీ వెనక్కి వస్తోంది, హారను మోత. ఎవరో చెయ్యి ఊపుతూ "రానీ రానీ" అంటున్నారు.

మార్త గోడకి వేలి కణుపు ఆనించింది.

"ఇప్పుడా?" అన్నాను.

"ఉండండి."

మళ్ళీ ఆనించింది. లారీ ఆగింది. ఇసుక జారుతున్న చప్పుడు.

"ఇప్పుడా?"

"ఉండండి మావయ్యా."

నిలబడ్డాను, మెరుగు రాయి చేతిలో పట్టుకుని. అది ఉందో జారిందో మాటిమాటికీ కిందికి చూసుకుంటూ.